రూపాయికి ఎనిమిది పైసలు: మూతపడిన మా పేట గ్రంథాలయం గురించి బహిరంగ లేఖ

విజయవాడ ప్రజాప్రతినిధులకు, పురపాలన, గ్రంథాలయ వ్యవహారాలు చూసే అధికారులకు, ఇంటిపన్ను కడుతున్న నా ఊరివాళ్లకు

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. బెజవాడ ప్రెస్సుల్లో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్ది, చూపు మసకబారాక ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి. మీకు తీరిక తక్కువని తెలుసు కాబట్టి నేరుగా సంగతికి వస్తాను. మా పేటలో శాఖా గ్రంథాలయం మూతపడి ఏడాది దాటింది. మూడుసార్లు అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. అందుకే ఈ ఉత్తరం నలుగురి ముందూ రాస్తున్నాను.

బుడమేరు వాగు ముంచిన పేటల్లో మాదొకటి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. లేచి చూసేసరికి మెట్ల దాకా నీళ్లు. కింది వాటాలో అద్దెకుండే వాళ్లను పైకి తెచ్చుకున్నాం, బియ్యం డబ్బా పైకి మోసుకున్నాం, వాళ్ల గ్యాస్ సిలిండరు మాత్రం మా కళ్ల ముందే తేలుతూ పోయింది. పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల సీసా కోసం డాబా మీద నిలబడి చేతులూపిన జనంలో నేనూ ఉన్నాను. ఆ రోజుల్లో గ్రంథాలయం సంగతి నాకు గుర్తే లేదు, అబద్ధమెందుకు చెప్పాలి. నీళ్లు తీశాక, ఇల్లు కడుక్కున్నాక, ఒక సాయంత్రం వీధి చివరిదాకా నడిచి వెళ్లి చూశాను.

గోడ మీద నీటి చార నా ఛాతీ ఎత్తున ఉంది. బీరువాల్లో కింది అరలన్నీ నానిపోయాయి. పై రెండు అరలు తడవలేదు. చేత్తో తీసి చూశాను, కాగితం పొడిగా పెళపెళలాడుతోంది. అయినా కొన్నాళ్ల తర్వాత తడిసినవీ తడవనివీ కలిపి వరండాలో కుప్ప పోశారు. ఏరే మనిషి లేడు, ఏరమని చెప్పే మనిషీ లేడు. ఆ కుప్ప మీద రెండు వానలు కురిశాయి. తర్వాత ట్రాక్టరు వచ్చింది. పుస్తకాల వివరాలుండే అక్సెషన్ రిజిస్టరు కూడా ఆ కుప్పలోనే పోయిందని అక్కడ పనిచేసే పార్ట్‌టైమ్ అమ్మాయి చెప్పింది. ఏం పోయాయో చెప్పే కాగితం కూడా లేకుండా పోయింది.

మా పేట పేరు, ఆ గ్రంథాలయం పేరు రాయడం లేదు. రాస్తే పైనుంచి దిగే కోపం మెట్టుమెట్టుగా దిగి చివరికి ఆ పార్ట్‌టైమ్ అమ్మాయి నెత్తిన పడుతుంది. ఇచ్చే నాలుగు రాళ్లకు ఆమె ఊడ్చి, తెరిచి, రాసి, మూసింది. ఆమె తప్పేం లేదు. పైగా ఇలాంటి గదులు ఒకటి కాదు. తాళం వేసినవి కొన్ని, తాళం తీసినా మనిషి లేనివి కొన్ని. ఈ ఉత్తరం చదివే ప్రతివాళ్లకూ తమ పేటలోదే గుర్తొస్తుంది.

"ఇళ్లే మునిగితే పుస్తకాల గోలేంటండీ" అని మీ కార్యాలయాల్లో ఒకాయన నా మొహం మీదే అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేనూ ఆలోచించాను. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు. ఇంటింటికీ వచ్చి లెక్క రాసుకున్నారు. ఫ్రిజ్ పోయిందా, టీవీ పోయిందా, బండి పోయిందా అని అడిగారు. మా వీధిలో ప్రతి కింది వాటా ఆ లెక్కలోకి ఎక్కింది. వీధి చివర ఉన్న కింది వాటా ఒక్కటే ఎక్కలేదు. అందులో ఎవరూ కాపురం ఉండరు కదా. అందరూ కలిసి ఉండే వాటా అది.

సోమవారం అర్జీల్లో నా కాగితానికి నంబరు ఇచ్చారు. నెల తర్వాత ఫోనుకు సందేశం వచ్చింది: "మీ అర్జీ పరిష్కరించబడినది." జన్మంతా తప్పులు వెతికిన కళ్లు కాబట్టి రెండుసార్లు చదివాను. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. గ్రంథాలయం దగ్గరికి వెళ్లి చూశాను, తాళం అలాగే ఉంది.

ఇక ప్రతి నవంబరులో 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాల్లో మీరు చెప్పే మాట ఒకటుంది: "గ్రంథాలయోద్యమానికి పుట్టినిల్లు మన బెజవాడ." నిజమే. అయితే ఆ పుట్టింట్లో ఏం జరిగిందో వేదిక మీద ఎవరూ వివరంగా చెప్పరు, దండ వేసి దిగుతారు. కాస్త చెప్పనివ్వండి.

రామమోహన ధర్మపుస్తక భాండాగారం ఈ ఊళ్లో 1911లో మొదలైంది. 1914 ఏప్రిల్ 10న ఊరూరి గ్రంథాలయాల వాళ్లు బెజవాడలో కూడి ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం పెట్టుకున్నారు. వెనక ఉండి నడిపినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. సభకు అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం, కంటిచూపు కరువైన మనిషి. చూపులేని పెద్దాయన అధ్యక్షతన చదువరుల సంఘం పుట్టిందన్న సంగతి ఈ వయసులో నాకు మరీ మరీ గుర్తొస్తోంది. అదే నెలలో రెండో ఆంధ్ర మహాసభ కూడా ఇక్కడే జరిగింది. తెలుగువాళ్లకు ఒక రాష్ట్రం కావాలన్న మాట, ఊరికో గ్రంథాలయం కావాలన్న మాట ఒకే ఊళ్లో, ఒకే వేసవిలో, చాలావరకు ఒకే మనుషుల నోట వినిపించాయి. మనం ఎవరమో మనకు తెలియాలంటే ముందు కూర్చుని చదువుకునే చోటు ఉండాలని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

నాలుగేళ్లు తిరక్కుండా, 1917లో, ఇదే బెజవాడలో దళితుల హక్కుల కోసం పోరాడిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఒక సభ జరిగింది. పంచములని లోకం పిలిచిన జనం ఆ పేరు మాకొద్దు, మేము ఆది ఆంధ్రులం అని ప్రకటించుకున్నది ఆ సభలోనే. ఒక జాతి తన పేరు తాను పెట్టుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ పనికి కూడా ముందుగా కావలసింది నలుగురూ చేరి కూర్చునే చోటు, కుర్చీలు, దీపం. వీటికి నిధులు అడిగితే "సంస్కృతి తర్వాత చూద్దాం, ముందు రోడ్లు" అంటారు. రోడ్లు వద్దని నేననడం లేదు. ఆ రోడ్డు చివర నలుగురూ చేరే గది ఒకటి ఉండాలంటున్నాను.

1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద, కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా, పడవలో గ్రంథాలయం నడిపారు. దారి లేని ఊళ్లకు పుస్తకాలు నీళ్ల మీద వెళ్లాయి. మా పేటలో నీళ్లే పుస్తకాల మీదికి వచ్చాయి. ఆ పడవకు ఎంత ఖర్చయిందో నాకు తెలియదు కానీ, దాన్ని అడ్డుకున్న ఫైలు మాత్రం లేదు.

ఊరికి గుర్తింపు తెస్తామని మీరు తరచూ అంటుంటారు. స్వాగత తోరణాలు, కూడళ్లలో బొమ్మలు, రాత్రిపూట రంగులు మారే దీపాలు. చూడ్డానికి బాగానే ఉంటాయి, మా మనవడు ఫోటోలు తీస్తాడు. నా అనుభవంలో మాత్రం బెజవాడ మనిషిని బెజవాడ మనిషిగా చేసినవి వేరే. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి కేంద్రం ఒకటి. పొద్దున్నే భక్తిరంజని వినిపిస్తుంటే ఏ ఇంటి ముందు నడిచినా పాట తెగకుండా సాగేది, వీధంతా ఒకే రేడియో అన్నట్టు. బాలమురళీకృష్ణ గారు మొదటి ప్రిన్సిపాలుగా ఉన్న సంగీత కళాశాల ఒకటి. గాంధీనగరంలో హనుమంతరాయ గ్రంథాలయం ఒకటి. నాటకం చూడ్డానికి గ్రంథాలయానికి వెళ్తున్నానంటే పైఊరి చుట్టాలు నవ్వేవాళ్లు, మాకు అందులో వింతేం కనిపించేది కాదు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు. జనవరి వస్తే పుస్తకాల పండగ. 1989 నుంచి జరుగుతున్న ఆ పండగకు స్వరాజ్య మైదానం చాలాకాలం ఇల్లు. ఇప్పుడా మైదానంలో అంబేద్కర్ స్మృతివనం ఉంది. పుస్తకాల కోసమే ఇల్లు కట్టుకున్న మహానుభావుడు ఆయన, ఆయన విగ్రహం అక్కడ నిలిస్తే నాకు పేచీ ఏముంటుంది? పండగకు మాత్రం స్థిరమైన చోటు లేకుండా ఒక ఏడు ఒక మైదానం, మరో ఏడు ఇంకో మైదానం వెతుక్కోవలసి వస్తోంది. అదీ నా పేచీ.

వీటన్నిట్లో చిన్నది, అతి చవకది, ఇంటికి దగ్గరిది పేట గ్రంథాలయం. అది మూతపడితే ఏమవుతుందో, ఈ ఏడాదిలో నా కళ్లతో చూసినంత మేరకు రాస్తున్నాను.

1. మా కింది వాటా అమ్మాయి డీఎస్సీకి చదివింది. వాళ్ల నాన్న ఆటో తోలతాడు. 16,347 టీచరు పోస్టులకు నోటిఫికేషను వచ్చిన రోజు ఇంట్లో పండగ. ఒక్క గదిలో నలుగురు మనుషులు, ఒక టీవీ, కుట్టుమిషను. అంతకుముందు ఆ పిల్ల సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చునేది, పాత ప్రశ్నపత్రాల పుస్తకాలు అక్కడే తిరగేసేది. ఇప్పుడు నెలకు ఎనిమిది వందలు కట్టి ప్రైవేటు స్టడీ హాలుకు వెళ్తోంది. ఆ హాలుకు రెండు సిటీ బస్సులు మారాలి. రాత్రి తిరిగొచ్చేదాకా తల్లి గేటు దగ్గర నిలబడి ఉంటుంది. "బాబాయ్‌గారూ, మన లైబ్రరీ ఎప్పుడు తెరుస్తారంట?" అని పరీక్ష ముందు నెలలో నన్ను ఎన్నిసార్లు అడిగిందో. నేనేదో అధికారినన్నట్టు "వచ్చే నెల" అని చెప్తూ వచ్చాను. వీధి చివర ఉచితంగా దొరికిన టేబులు, ఫ్యాను, నిశ్శబ్దం ఇప్పుడు ఏడాదికి 9,600 రూపాయలు. బస్సు చార్జీలు వేరే.

2. పొద్దున పూట నాలుగు దినపత్రికలు, పదిహేను మంది పెద్దవాళ్లు. ఒక పేపరును నాలుగు ముక్కలుగా పంచుకుని చదివేవాళ్లం. సంపాదకీయం నాది, మార్కెట్ పేజీ రిటైర్డ్ పోస్ట్‌మాన్‌ది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లకు ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో వార్త వస్తోంది, కొన్నిసార్లు ఒకే సంగతి మీద రెండు విరుద్ధమైన వార్తలు. ఇదివరకు వాదించుకునేవాళ్లం, ఇప్పుడు పలకరించుకుని వెళ్లిపోతున్నాం.

3. ఆడవాళ్ల సంగతి మీ లెక్కల్లో కనిపించదు కాబట్టి విడిగా రాస్తున్నాను. మా పేటలో "లైబ్రరీకి వెళ్లొస్తా" అంటే ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. వారపత్రికకో, నవలకో వచ్చి, అరగంట కూర్చుని, ఎవరికీ టీ పెట్టకుండా, ఎవరి చేతా పిలిపించుకోకుండా ఉండగలిగిన చోటు అది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో స్త్రీల కోసం శారదా నికేతనం పెట్టారు. ఆడపిల్లకు చదువుతో పాటు చోటు కూడా కావాలని నూరేళ్ల కిందటే తెలుసుకున్నవాళ్లు మన పక్క ఊళ్లోనే ఉన్నారు. గుడి తప్ప మా పేటలో ఆడమనిషి ఒంటరిగా వెళ్లి కూర్చోగలిగిన చోటు నేడు మరొకటి చూపించండి.

4. కొత్తగా వచ్చినవాళ్లు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కట్టడం పనులకు వచ్చిన కుటుంబాలు మా వెనక వీధుల్లో చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలు బొమ్మల పుస్తకాలకు గ్రంథాలయానికి వచ్చేవాళ్లు. మొదట్లో వాళ్ల యాసకు మా వీధి పిల్లలు నవ్వేవాళ్లు. ఒకే చందమామ కథను ఇద్దరూ బయటికి చదువుతుంటే, నాలుగు నెలల్లో ఎవరి యాస ఎవరిదో తెలియకుండా కలిసిపోయేది. ఆ పిల్లలకు బెజవాడ సొంత ఊరైంది అక్కడే. బడిలో వాళ్లు రోల్ నంబరు, పని దగ్గర వాళ్ల నాన్న కూలీ. గ్రంథాలయం రిజిస్టరులో మాత్రం వాళ్లు ఈ ఊరి పాఠకులు. ఆ రిజిస్టరులో వంకర టింకరగా సంతకం పెట్టడం కోసమే రోజూ వచ్చిన బుడతడు ఒకడుండేవాడు. ఇప్పుడు కనిపించడం లేదు. పని అయిపోయి వెళ్లిపోయారో, ఉన్నారో కూడా తెలియదు. కలుసుకునే చోటు పోయింది కదా.

5. పోయిన వాటిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది తలుపు పక్కనున్న చిన్న బీరువా. దానిలో ఖరీదైనదేమీ లేదు. మా పేట యువజన సంఘాల వార్షికోత్సవ సంచికలు, నాటక పోటీల కరపత్రాలు, కార్మిక సంఘాల పుస్తకాలు, బుర్రకథ దళాల ఫోటోలు. పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథకు జిల్లా అంతా కదిలిన కాలపు కాగితాలు. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది, ఆ మాట ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. మా పేటలో ఆయన కథ విని, ఆ ఊపులో దళం కట్టిన పిల్లల ఫోటో మాత్రం ఆ బీరువాలోనే ఉండేది, ఇంకెక్కడా లేదు.

ఈ బీరువా తలచుకుంటే నాకు అమరావతి రాళ్లు గుర్తొస్తాయి. పెద్ద పోలికే, కానీ జరిగిన తీరు ఒకటే. 1845లో వాల్టర్ ఎలియట్ స్తూపం దగ్గర తవ్వించి ఆ శిల్పాలను మద్రాసు తరలించాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. చివరికి 1859లో చాలావాటిని ఓడెక్కించి లండన్ పంపారు. మిగిలినవి మద్రాసు మ్యూజియంలో ఉండిపోయాయి. గుంటూరు బడిపిల్లవాడు తన నేల మీది శిల్పాన్ని బొమ్మల్లో చూసుకుంటున్నాడు. దొరలు ఎత్తుకుపోయారని తిట్టుకుంటాం, తిట్టాల్సిందే. అయితే వాళ్లు ఎత్తుకుపోకముందు ఆ రాళ్లు ఇక్కడ గోడలకూ కట్టడాలకూ పోయాయి. మన బీరువాను ఏ దొరా ఎత్తుకుపోలేదు. వరండాలో పెట్టి వానకు వదిలేశాం, ట్రాక్టరు మనదే.

6. బోర్డు. వరద తర్వాత ఆ మూసిన తలుపు మీద కొత్త బోర్డు మాత్రం పెట్టారు. "శాఖా గ్రంధాలయం" అని. అక్షరం దిద్దడం నా వృత్తి కాబట్టి చెప్పక తప్పదు: అది "గ్రంథాలయం". ఒక్క చుక్క తేడా. లోపల పుస్తకాలు లేవు, బయట చుక్క లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. నిధులు లేవంటారు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఎనభై రూపాయలు గ్రంథాలయం కోసమే కడుతోంది. దాన్ని వసూలు చేసేది స్థానిక సంస్థ, చేర్చాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఆ డబ్బు పూర్తిగా వెళ్లడం లేదని, బకాయిలు పేరుకుపోతున్నాయని రాష్ట్రంలో ఏళ్ల తరబడి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. ఆ వార్తల్లో కొన్నిటి ప్రూఫులు నేనే దిద్దాను.

మా వార్డులో ఎంత వసూలైంది, ఎంత చేరింది అని సమాచార హక్కు చట్టం కింద అడిగాను. 30 రోజుల్లో జవాబు రావాలి. ఇరవై ఎనిమిదో రోజున, మీ దరఖాస్తు ఫలానా కార్యాలయానికి సంబంధించినది కనుక అక్కడికి బదిలీ చేశాం అని ఉత్తరం వచ్చింది. ఆ ఫలానా కార్యాలయం దాన్ని మళ్లీ మొదటి దానికే తిప్పి పంపింది. రెండు ఉత్తరాలూ నా దగ్గర ఉన్నాయి. రెంటి మీదా ముద్రలు చక్కగా పడ్డాయి.

వరద వచ్చింది, సెస్సు ఆగలేదు. గ్రంథాలయం మూతపడింది, సెస్సు ఆగలేదు. నా పన్ను రసీదులో ఈ ఏడాది కూడా ఉంది. లేని గ్రంథాలయానికి కడుతున్నానని కోర్టుకెక్కే ఓపిక నాకు లేదు, ఆ డబ్బు వెనక్కి ఇమ్మనీ అడగను. కింది పనులు చేయమని అడుగుతున్నాను.

1. సెస్సు లెక్క. వార్డువారీగా వసూలైనదెంత, గ్రంథాలయ సంస్థకు జమ అయినదెంత, బకాయి ఎంత అన్నది ప్రతి ఏడాది ప్రతి గ్రంథాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. ఒక్క పేజీ చాలు. కావాలంటే ప్రూఫు నేను ఉచితంగా దిద్దిపెడతాను.

2. బుడమేరు వరదలో దెబ్బతిన్న గ్రంథాలయాలు ఎన్ని, ఏవి, ఏది ఏ తేదీకి తెరుస్తారు అని జాబితా ప్రకటించాలి. "త్వరలో" అన్న మాట వద్దు. మాకు తేదీ కావాలి. తిరిగి తెరిచేటప్పుడు మునిగే పేటల్లో పుస్తకాలను పై అంతస్తుకు మార్చాలి. పై అంతస్తు లేకపోతే కనీసం బీరువాలను ఎత్తు అరుగుల మీద నిలపాలి. బుడమేరు మళ్లీ రాదని ఎవరు హామీ ఇస్తారు?

3. ఇకముందు ఏ గ్రంథాలయంలోనైనా పుస్తకాలు తీసివేయాల్సి వస్తే జాబితా రాయకుండా ఒక్కటీ బయటికి పోకూడదు. తీసివేసే ముందు ఆ జాబితా పది రోజులు బోర్డు మీద ఉండాలి. పాత పత్రికలను, స్థానిక సంచికలను తూకానికి అమ్మడం పూర్తిగా ఆపాలి. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తోంది. 1929లో గాంధీ గారు వచ్చినప్పటి చేతికర్రను కూడా దాచుకున్నారు, దశాబ్దాల నాటి పత్రికలను బైండు చేసి అరల్లో పెట్టుకున్నారు. ఒక పల్లెటూరు సొంతంగా చేయగలిగిన పని ఇంత పెద్ద నగరం చేయలేదా?

4. బెజవాడలో అచ్చయిన ప్రతి పుస్తకం బెజవాడలో ఒక్కచోటైనా ఉండాలి. దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామందికి తెలియదు. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రచురణకర్త తన పుస్తకం ప్రతులు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమెరా గ్రంథాలయానికి, బొంబాయికి, ఢిల్లీకి పంపాలి. నేను పనిచేసిన చోట ఆ పార్సిళ్లు కట్టడం చూశాను, గోనెపట్టా కుట్టడం కూడా చూశాను. ఏలూరు రోడ్డులో తయారైన పుస్తకం నాలుగు మహానగరాలకు చట్టప్రకారం వెళ్తుంది. ఏలూరు రోడ్డుకు కిలోమీటరు దూరంలో ఉన్న గ్రంథాలయానికి వెళ్లాలన్న నిబంధన మాత్రం లేదు. ఈ ఊరి ప్రచురణకర్తలతో మాట్లాడి ఒక ప్రతి ఇక్కడ ఉంచే ఏర్పాటు చేయండి. చట్టం అక్కర్లేదు, ఒక గది, ఒక మనిషి చాలు. ప్రచురణకర్తలు కాదనరు, వాళ్లలో చాలామందిని నేనెరుగుదును. డబ్బు దగ్గర గట్టివాళ్లే గానీ పుస్తకం దగ్గర కాదు.

5. ఉద్యోగాలు. ఖాళీగా ఉన్న గ్రంథపాలకుల పోస్టులు నింపాలి. పార్ట్‌టైమ్ వాళ్లకు బతకగలిగే జీతం ఇవ్వాలి.

6. వేళలు. కూలికి వెళ్లేవాడు, ఆటో తోలేవాడు, దుకాణంలో నిలబడేవాడు ఇంటికొచ్చేది రాత్రి ఏడు దాటాకే. కనీసం పెద్ద పేటల్లోనైనా రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచాలి. పరీక్షల కాలంలో ఇంకో గంట.

7. పుస్తకాల పండగకు ఊరి నడుమ ఒక స్థిరమైన మైదానం కేటాయించాలి. ప్రతి డిసెంబరులో ఎవరినో బతిమాలుకునే అవస్థ తప్పించాలి.

తోటి ఊరివాళ్లకు కూడా ఒక మాట. మీ ఇంటిపన్ను రసీదు ఒక్కసారి తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు ఎంత కడుతున్నారో లెక్క వేసుకోండి. తర్వాత మీ పేట గ్రంథాలయం దాకా నడిచి వెళ్లండి. తెరిచి ఉంటే లోపలికి వెళ్లి రిజిస్టరులో సంతకం పెట్టండి, మనుషులు రావడం లేదు కాబట్టి మూసేశాం అనే మాటకు అదే జవాబు. మూసి ఉంటే ఆ తలుపు ఫోటో తీసి మీ కార్పొరేటరు గారికి పంపండి. మర్యాదగా రాయండి, తేదీ వేయండి.

మీరు జవాబివ్వడానికి 45 రోజుల గడువు అడుగుతున్నాను. ఆ లోపు రాకపోతే మా పేట పెద్దవాళ్లం, చదువుకునే పిల్లలం కలిసి రోజూ సాయంత్రం ఆరింటికి ఆ వరండాలోనే చాపలు పరుచుకుని చదువుకుంటాం. దీన్ని ధర్నా అనకండి, మైకు పెట్టం, దారికి అడ్డం కూర్చోం. ట్యూబ్‌లైటు, ఫ్యాను పక్కింటావిడ ఇస్తానంది. పేపర్లు మేమే కొనుక్కుంటాం. మీలో ఎవరైనా వచ్చి కూర్చుంటే కుర్చీ వేస్తాం.

చివరగా ఒక సొంత విషయం. వరదకు నాలుగు రోజుల ముందు నేను ఆ గ్రంథాలయం నుంచి రెండు పుస్తకాలు తెచ్చుకున్నాను. మాది పై అంతస్తు కాబట్టి తడవలేదు. ఒకదానికి అట్ట కొంచెం ఊడితే మైదా జిగురుతో అంటించాను. రెంటి లోపలా గడువు తేదీ ముద్ర ఉంది, అది దాటిపోయి ఏడాదికి పైనే అయింది. ఆలస్య రుసుము ఎంతవుతుందో లెక్క వేసి డబ్బు పక్కన పెట్టాను. ఈ పుస్తకాలు ఎక్కడ, ఎవరికి తిరిగి ఇవ్వాలో దయచేసి తెలియజేయండి.

ఇట్లు,
ఒక పాత ప్రూఫ్ రీడరు,
విజయవాడ